హెల్: చనిపోయినవాళ్లని తన ఇంట్లో దాచుకునే రాణి

నార్స్ పురాణాల్లో, అంటే క్రైస్తవానికి ముందు స్కాండినేవియా జనం చెప్పుకున్న దేవతల కథల్లో, మృతుల లోకాన్ని ఏలే హెల్ బొమ్మ కోసం ఇంటర్నెట్‌లో వెతికితే దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. మొహంలో ఒక పక్క అందమైన ఆడమనిషి, రెండో పక్క పుర్రె, లేదంటే కుళ్లిపోయిన మాంసం. పాత రాతల్లో మాత్రం పుర్రె లేదు, కుళ్లు లేదు. ఆమె రూపాన్ని వర్ణించినచోట చెప్పింది చాలా కొంచెం: ఒళ్లు సగం మామూలు చర్మం రంగులో, సగం ‘బ్లా’ రంగులో ఉంటుంది కాబట్టి ఇట్టే గుర్తుపట్టొచ్చు, కిందికి దించిన మొహంతో కఠినంగా కనిపిస్తుంది. అంతే. కుడి సగమా ఎడమ సగమా, పై సగమా కింది సగమా అన్నది కూడా లేదు. బ్లా అంటే ఇప్పటి ఐస్‌లాండ్ భాషలో నీలం, కానీ ఆ రోజుల్లో అది నలుపుకీ ముదురు నీలానికీ మధ్య ఉండే రంగు, కాకి రెక్క రంగు, దెబ్బ తగిలి కమిలిన చోట కనిపించే రంగు, శవం రంగు. ఐస్‌లాండ్ సాగా (పాత వచన గాథ) ఒకదానిలో థోరోల్ఫ్ అనేవాడు చచ్చాక కూడా లేచి తిరుగుతూ జనాన్ని పీడిస్తుంటే సమాధి తవ్వి చూస్తారు, అప్పుడు వాడి శవం హెల్ అంత నల్లగా, ఎద్దంత లావుగా ఉందని రాశారు. అంటే హెల్ ఒంట్లో సగం బతికున్న మనిషిది, సగం చనిపోయిన మనిషిది. రాక్షసి అని చెప్పడానికి కాదు, రెండు లోకాల గడప మీద నిలబడ్డ మనిషి అని చెప్పడానికే ఆ రంగులు అనిపిస్తుంది.

ఈ వర్ణన రాసింది స్నోర్రి స్టుర్లుసన్. 1179లో పుట్టి 1241లో హత్యకి గురైన ఐస్‌లాండ్ నాయకుడు, కవి, చరిత్రకారుడు. 1220 ప్రాంతంలో ఆయన రాసిన ఎడ్డా అనే పుస్తకం లేకపోతే నార్స్ దేవతల గురించి ఈ రోజు తెలిసినదాంట్లో సగం కూడా మిగిలేది కాదు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఐస్‌లాండ్ సభ క్రైస్తవాన్ని ఒప్పుకున్నది 1000 సంవత్సరంలో. స్నోర్రి కలం పట్టేసరికి ఆ దేశం క్రైస్తవంలోకి వెళ్లి 200 ఏళ్లు దాటింది. పాత కవిత్వం అర్థం కావాలంటే పాత దేవతల కథలు తెలియాలి కాబట్టి, కుర్ర కవులకి నేర్పడం కోసం ఆయన వాటిని వరసగా పేర్చాడు. చెల్లాచెదురుగా ఉన్నవాటికి ఒక క్రమం వచ్చింది, నిజమే. కానీ హెల్ విషయంలో ఆ క్రమం ఎంతవరకు పాతది, ఎంతవరకు స్నోర్రి సర్దినది అన్నదే అసలు ప్రశ్న.

కథ ఇది. దేవతల మధ్యే ఉంటూ జిత్తులు పన్నే లోకీకి అంగ్రబోడా అనే రాక్షస స్త్రీ వల్ల ముగ్గురు పిల్లలు పుట్టారు: ఫెన్రిర్ అనే తోడేలు, యోర్ముంగాండ్ అనే మహాసర్పం, హెల్ అనే ఆడపిల్ల. ఈ పిల్లల వల్ల దేవతలకి పెద్ద కీడు జరుగుతుందని జోస్యాలు వినపడ్డాయి. దేవతల రాజు ఓడిన్ ముగ్గురినీ తెప్పించాడు. పాముని సముద్రంలోకి విసిరేశాడు. తోడేలుని దేవతలు తమ దగ్గరే పెంచి, తర్వాత మోసంతో కట్టేశారు, ఆ పనిలో టీర్ అనే దేవుడి చెయ్యి పోయింది. హెల్‌ని నిఫ్ల్‌హైమ్ అనే మంచు, చీకటి లోకంలోకి తోసేసి, తొమ్మిది లోకాల మీద అధికారం ఇచ్చి, జబ్బుతోనో ముసలితనంతోనో పోయి తన దగ్గరికి వచ్చినవాళ్లందరికీ బస, తిండి చూడమన్నాడు.

2017లో వచ్చిన థోర్: రాగ్నరాక్ సినిమాలో హెలాని ఓడిన్ పెద్ద కూతురిగా చూపించారు, చాలామందికి ఆమె పేరు తెలిసింది అక్కడే. పాత కథల్లో ఆమె లోకీ కూతురు తప్ప ఓడిన్ కూతురు కాదు. అయితే ఒక పాత పద్యంలో లోకీ నిండు సభలో ఓడిన్‌కి ఒక మాట గుర్తుచేస్తాడు, పూర్వం మనమిద్దరం రక్తం కలుపుకున్నాం కదా అని. అలా చూస్తే వాళ్లిద్దరూ అన్నదమ్ములే, హెల్ ఓడిన్‌కి కూతురి వరస అవుతుంది. ఏ తప్పూ చేయని కూతురి వరస పిల్లని జోస్యం విని పాతాళంలోకి తోసేశాడన్నమాట. సినిమాలోలాగా ఆమె యుద్ధానికి దిగి రాజ్యం కావాలని అడిగినట్టు ఎక్కడా లేదు. ఇచ్చిన పని చేసుకుంటూ అక్కడే ఉండిపోయింది.

ఇంక ఆమె ఇల్లు. స్నోర్రి చెప్పినదాంట్లో అందరికీ బాగా గుర్తుండిపోయేది ఇదే. చావడి పేరు ఎల్యుద్‌నిర్. చుట్టూ చాలా ఎత్తైన గోడలు, పెద్ద పెద్ద ద్వారాలు. ఆమె కంచం పేరు ఆకలి. కత్తి పేరు కరువు. పనివాడి పేరు గంగ్లాటి, పనిమనిషి పేరు గంగ్లోట్, రెండిటికీ అర్థం మెల్లగా కాళ్లీడ్చుకుంటూ నడిచేవాళ్లనే. గడప పేరుకి అర్థం పడిపోయే చోటు అని. మంచం పేరు జబ్బుమంచం, దాని తెరల పేరు మెరిసే కీడు.

దీన్ని చాలామంది నరక వర్ణనగా చదువుతారు. కానీ ఒక్కసారి ఆ వస్తువులన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ముందు కంచం ఉన్నా తినలేకపోవడం, కాళ్లు సాగకపోవడం, గడప దగ్గర తూలి పడిపోవడం, పట్టిన మంచం వదలకపోవడం. ఇవేవీ పాపానికి వేసిన శిక్షలు కావు. మూడు నెలలుగా మంచాన ఉన్న ముసలాయన ఉన్న ఏ ఇంట్లోనైనా కనిపించేవే ఇవి. ఇంటికి వచ్చిన అతిథులు ఏ అవస్థతో చనిపోయారో ఆ అవస్థ పేర్లే ఇంట్లో సామాన్లకి పెట్టారు. శీతాకాలం ఎక్కువ రోజులు సాగితే పశువులూ మనుషులూ ఆకలికి పోయే దేశంలో, కంచానికి ఆకలి అని పేరు పెట్టినవాడు భయపెట్టడానికి కల్పన చేయాల్సిన అవసరం లేదు. ఇందులో క్రైస్తవ ఉపదేశాల పోలిక ఉందనీ, ఇలా సామాన్లకి గుణాల పేర్లు పెట్టడం ఆ రోజుల చర్చి రచనల పద్ధతనీ పండితులు అంటారు, అది కాదనలేం. అయినా అక్కడ కొట్టేవాడు లేడు, కాల్చేవాడు లేడు, లెక్కలు చదివేవాడు లేడు.

స్నోర్రి కంటే పాత పద్యాల్లోకి వెళ్తే హెల్ ఇంకోలా కనిపిస్తుంది. బాల్డర్ కలల గురించిన పద్యంలో ఓడిన్ తన కొడుకు బాల్డర్‌కి వస్తున్న పీడకలల అర్థం తెలుసుకోవడానికి కిందికి వెళ్తాడు. దారిలో రొమ్ము మీద రక్తపు మరకలున్న కుక్క మొరుగుతుంది. సమాధిలో ఉన్న సోదెగత్తెని మంత్రంతో లేపి అడుగుతాడు, హెల్ చావడిలో బల్లల నిండా ఉంగరాలు, బంగారం ఎవరికోసం పరిచారు అని. ఆమె జవాబు: బాల్డర్ కోసం. తేనె మద్యం కూడా కాచి సిద్ధంగా ఉంచారు, పాత్ర మీద డాలు మూసి ఉంది. ఇది కరువు కత్తి, ఆకలి కంచం ఉన్న ఇల్లు కాదు. పెళ్లివారి కోసం ఎదురుచూస్తున్న ఇల్లులా ఉంది.

రాజుల మరణాల మీద థ్యోడోల్ఫ్ అనే నార్వే కవి చెప్పిన పద్యమాల ఇంకా పాతదంటారు. అందులో డిగ్వి అనే రాజు జబ్బు చేసి పోతాడు. కవి దాన్ని ఏడుపుగా చెప్పలేదు. లోకీ కూతురు ఆ రాజుని తన సరసానికి ఎంచుకుని తీసుకెళ్లింది అన్నాడు. హాల్ఫ్‌డాన్ అనే మరో రాజుని లోకీ కూతురు ఈ లోకం నుంచి తన దగ్గరికి రమ్మని పిలిచింది అన్నాడు. డెన్మార్క్ చరిత్ర రాసిన సాక్సో కూడా 1200 ప్రాంతంలో లాటిన్‌లో ఇలాంటిదే రాశాడు, గాయపడ్డ బాల్డర్ కలలోకి పాతాళ దేవత వచ్చి త్వరలో నిన్ను కౌగిలించుకుంటాను అంటుంది, అయితే అక్కడ ఆమె పేరు రోమన్ల ప్రొసెర్పినా. కొంతమంది పండితులు హెల్ మొదట ఒక చోటు పేరు మాత్రమే, దానికి ఆడ రూపం ఇచ్చింది చాలా తర్వాతి కవులే అంటారు. చోటు పేరు ముందుదే అయ్యుండొచ్చు. కానీ రాజుని తీసుకెళ్లే ఆడమనిషిగా ఆమె స్నోర్రి పుట్టకముందే కవుల నోట్లో ఉందన్నది ఈ పద్యాల వల్ల గట్టిగా తెలుస్తుంది.

యుద్ధంలో చస్తే ఓడిన్ చావడి వల్హల్లా, మంచంలో చస్తే హెల్ అన్న సూత్రం కూడా స్నోర్రి చెప్పినంత గట్టిది కాదు. దాన్ని ఆయన చెప్పిన కథలే ఒప్పుకోవు. బాల్డర్ పోయింది జబ్బుతో కాదు, ఒంటికి గుచ్చుకున్న ఆయుధంతో. అయినా నేరుగా హెల్ దగ్గరికే వెళ్లాడు. వీరగాథల నాయిక బ్రైన్‌హిల్డ్ కత్తితో పొడుచుకుని చనిపోయి, చితి మీద తనతోపాటు కాల్చిన బండిలో హెల్ దారి పట్టింది. యుద్ధంలో పోయినవాళ్లలో సగంమంది ఫ్రేయా దేవత వంతు అని ఒక పద్యం ఉంది. సముద్రంలో మునిగినవాళ్లు రాన్ అనే సముద్ర దేవత వలలో పడతారు. ఐస్‌లాండ్‌లో కొన్ని కుటుంబాలవాళ్లు చనిపోయాక తమ ఊరి కొండలోకే వెళ్తామని నమ్మారు, హెల్గాఫెల్ కొండ తలుపులా తెరుచుకుని లోపల పెద్ద మంటలు, విందు కనపడ్డాయని ఒక గొర్రెల కాపరి చెప్పిన కథ సాగాలో ఉంది. ఇంకో సాగాలో శవానికి హెల్ చెప్పులు కట్టడం కనిపిస్తుంది, అవి కట్టేది మాత్రం వల్హల్లాకి నడవడానికట! ఇవన్నీ ఒకే మతగ్రంథం నుంచి వచ్చినవి కావు కాబట్టి కలవవు. ఊరికో నమ్మకం, వంశానికో నమ్మకం.

హెల్ స్వయంగా మాట్లాడేది, ఆమె స్వభావం బయటపడేది బాల్డర్ కథలో.

తల్లి ఫ్రిగ్ లోకంలో ఉన్న ప్రతి వస్తువు చేతా బాల్డర్‌కి హాని చేయనని ఒట్టు వేయించుకుంది. మిసల్‌టో అనే చిన్న బదనిక మొక్కని మాత్రం మరీ లేతది కదా అని వదిలేసింది. లోకీ ఆ సంగతి రాబట్టి, దాని పుల్లని గుడ్డివాడైన హోడ్ చేతిలో పెట్టి విసిరించాడు. బాల్డర్ పడిపోయాడు. శవాన్ని ఓడలో చితి మీద పెట్టే సమయానికి అతని భార్య నన్నా గుండె పగిలి చనిపోయింది, ఇద్దరినీ కలిపి కాల్చారు. అప్పుడు హెర్మోడ్ అనే దేవుడు హెల్‌ని బతిమాలి బాల్డర్‌ని తీసుకొస్తానని ఓడిన్ ఎనిమిది కాళ్ల గుర్రం స్లైప్నిర్ ఎక్కాడు. తొమ్మిది రాత్రులు కళ్లకి ఏమీ ఆనని లోయల్లో ప్రయాణం. తర్వాత గ్యోల్ నది, దాని మీద బంగారం కప్పిన వంతెన, వంతెనకి కాపలాగా మోడ్‌గుడ్ అనే అమ్మాయి. ఆమె అడిగే ప్రశ్న ఈ కథ మొత్తంలో ఒళ్లు జలదరించే చోటు. నిన్న ఐదు దండుల చనిపోయినవాళ్లు ఈ వంతెన మీదుగా వెళ్లారు, నువ్వొక్కడివి వెళ్తుంటే కూడా వంతెన అంతే చప్పుడు చేస్తోంది, పైగా నీ ఒంటికి చనిపోయినవాళ్ల రంగు లేదు, ఎందుకొచ్చావు అంటుంది. చనిపోయినవాళ్లకి బరువు ఉండదని ఎక్కడా చెప్పకుండానే చెప్పేశారు.

దారి కిందికి, ఉత్తరానికి. హెల్ ద్వారం దగ్గరికి రాగానే హెర్మోడ్ గుర్రం పట్టీ బిగించి, ద్వారం మీదుగా దూకించాడు. లోపల తన అన్న బాల్డర్ పెద్ద ఆసనం మీద కూర్చుని ఉన్నాడు. హెర్మోడ్ ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. తెల్లారాక హెల్‌ని అడిగాడు, దేవతలందరూ ఏడుస్తున్నారు, బాల్డర్‌ని నాతో పంపించు అని. ఆమె కోపగించలేదు, ఎగతాళి చేయలేదు, ధర అడగలేదు. నిజంగా లోకమంతా అతన్ని అంతగా ప్రేమిస్తోందా చూద్దాం అంది. బతికున్నవీ చనిపోయినవీ అన్నీ అతని కోసం ఏడిస్తే వెళ్లొచ్చు, ఒక్కటి ఏడవకపోయినా ఇక్కడే ఉంటాడు అంది.

సావిత్రి కథ తెలిసినవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ సావిత్రి మాటల నేర్పుతో వరం మీద వరం అడిగి యముణ్ణి అతని మాటకే కట్టేసింది. ఇక్కడ మాటల నేర్పుకి చోటు లేదు, షరతు ముందే బయటపెట్టారు, అది తీరడం తీరకపోవడం బతికున్న లోకం చేతిలో ఉంది. హెల్ ఇందులో ఎవర్నీ మోసం చేయలేదు. దేవతలు దూతల్ని పంపారు, మనుషులు, జంతువులు, మట్టి, రాళ్లు, చెట్లు, లోహాలు అన్నీ ఏడ్చాయి. చలిలోంచి వేడిలోకి తెచ్చిన లోహం మీద చెమ్మ పడుతుంది కదా, అది ఆ ఏడుపే అంటాడు స్నోర్రి. ఒక గుహలో థొక్ అనే రాక్షస స్త్రీ మాత్రం ఏడవలేదు. పొడి కన్నీళ్లే నేను కార్చేది, బతికున్నప్పుడూ చచ్చాకా అతని వల్ల నాకు ఒరిగిందేమీ లేదు, హెల్ తన దగ్గరున్నది తనే ఉంచుకోనీ అంది. ఆమె లోకీయే అని జనం అనుకుంటారని స్నోర్రి రాశాడు. హెల్ తండ్రే ఆమె ఇంటి తలుపు మూసేశాడన్నమాట.

చనిపోయినవాళ్లు వెనక్కి రాలేదు గానీ వాళ్ల కానుకలు వచ్చాయి. ఓడిన్ చితి మీద పెట్టిన ద్రౌప్నిర్ ఉంగరాన్ని బాల్డర్ గుర్తుగా తండ్రికి తిరిగి పంపాడు. నన్నా అత్తగారికి నారబట్ట, ఫ్రిగ్ చెలికత్తె ఫుల్లాకి బంగారు ఉంగరం పంపింది. అతిథి చేతుల మీదుగా పుట్టింటికో అత్తింటికో సామాన్లు పంపినట్టు. ఇలాంటి ఇంటిని నరకం అని ఎలా పిలుస్తాం?

పిలుస్తున్నాం, ఎందుకంటే ఆ మాటే ఇంగ్లిష్‌లో నరకం అయ్యింది. జర్మానిక్ భాషలన్నిటికీ మూలమైన ‘హల్యా’ అనే మాట నుంచి ఇంగ్లిష్ హెల్, జర్మన్ హొల్లె వచ్చాయి. దాని వెనక ఉన్న ఇంకా పాత ధాతువుకి అర్థం కప్పడం, దాచడం. తెలుగులో చెప్పాలంటే మరుగు. మనం కూడా పోయినవాళ్లని కనుమరుగయ్యారు అంటాం, అదే భావం. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ని గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి మార్చినప్పుడు గ్రీకుల మృతలోకం హేడిస్‌కి హల్యా అనే మాట వాడాడు. చనిపోయినవాళ్లు మరుగైపోయే చోటు క్రమంగా పాపులు కాలే చోటైంది. ఉత్తరాది భాషల్లో నరకం అని గట్టిగా చెప్పాలంటే శిక్ష అనే మాట కలిపి ‘హెల్వీటి’ అనాల్సి వచ్చిందంటే, ఒట్టి హెల్‌లో శిక్ష అనే అర్థం లేదనేగా. ఈ రోజుకీ స్వీడన్‌లో చంపేశారు, ఆకలితో చచ్చారు అన్నప్పుడు ‘ఇహ్యాల్’ అంటారు, పాత భాషలో అది ‘హెల్‌లోకి’ అనే మాటే. మాట్లాడేవాళ్లలో ఎక్కువమందికి అది గుర్తుకే రాదు.

యముడికీ కొంచెం ఇలాగే జరిగింది. ఋగ్వేదం పదో మండలంలో యముడు దండించేవాడు కాదు. చనిపోయినవాళ్ల దారి మొదట కనిపెట్టినవాడు, జనాన్ని ఒకచోట చేర్చేవాడు, పితృదేవతలతో కలిసి కూర్చునేవాడు. నాలుగు కళ్ల కుక్కలు రెండు ఆ దారికి కాపలా. చిత్రగుప్తుడి చిట్టా, సలసల కాగే నూనె, గరుడ పురాణంలోని శిక్షల పట్టీ అన్నీ చాలా తర్వాతివి. రెండు కథలూ ఒకే చోట పుట్టాయని తేల్చేయడానికి ఈ పోలిక చాలదు. కానీ మృతులకి ఆతిథ్యం ఇచ్చేవాళ్లు కాలం గడిచేకొద్దీ న్యాయాధిపతులో జైలర్లో అయిపోవడం రెండు చోట్లా కనిపిస్తుంది. స్నోర్రి పుస్తకంలోనే ఇంకోచోట మంచివాళ్లు పై లోకానికి, చెడ్డవాళ్లు హెల్‌కి, అక్కడినుంచి ఇంకా కిందున్న నిఫ్ల్‌హెల్‌కి పోతారని ఉంది. పాత పద్యాల్లో ఒట్టు తప్పినవాళ్లకీ హంతకులకీ పాముల వెన్నులతో అల్లిన ఇల్లు ఒకటుంది, అది నాస్ట్రాండ్ అనే శవాల ఒడ్డున ఉందన్నారు గానీ అక్కడ హెల్ నిలబడి శిక్ష వేస్తున్నట్టు లేదు.

దాచడం అన్న అర్థాన్ని పట్టుకుని బాల్డర్ కథ చివరికంటా వెళ్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. లోకాంతపు యుద్ధమైన రాగ్నరాక్‌లో లోకీ వెంట హెల్ జనమంతా యుద్ధానికి వస్తారని స్నోర్రి రాశాడు, ఆమె స్వయంగా వచ్చిందని మాత్రం రాయలేదు. ఆ యుద్ధంలో ఓడిన్‌ని తోడేలు మింగేస్తుంది, థోర్ పాముని చంపి తొమ్మిది అడుగులు వేసి దాని విషంతో పడిపోతాడు, లోకం కాలిపోయి సముద్రంలో మునుగుతుంది. తర్వాత నేల మళ్లీ పచ్చగా పైకి లేస్తుంది, విత్తనం వేయని పొలాల్లో పంట పండుతుంది, బాల్డర్, అతన్ని తెలియక చంపిన హోడ్, ఇద్దరూ హెల్ దగ్గర్నుంచి తిరిగివచ్చి పక్కపక్కనే కూర్చుని పాత సంగతులు మాట్లాడుకుంటారు. ఆ రోజు అన్నీ ఏడ్చి బాల్డర్ ముందే పైకి వచ్చేసి ఉంటే ఆ మంటల్లో అతనూ తండ్రితోపాటే పోయేవాడేమో. ఓడిన్ తోసేసిన పిల్ల ఇంట్లోనే ఓడిన్ కొడుకు భద్రంగా ఉన్నాడు. పద్యం ఈ మాట విప్పి చెప్పదు, కానీ వరస చూస్తే ఇంకోలా చదవడం కష్టం.

తర్వాతి కాలంలో ఆమె పేరు రకరకాలుగా మిగిలింది. మంచివాడని పేరున్న నార్వే రాజు మాగ్నుస్ 1043లో లిర్‌స్కోవ్ మైదానం యుద్ధంలో పట్టుకున్న గొడ్డలి పేరు హెల్, అది తండ్రి ఓలాఫ్‌ది. డెన్మార్క్ పల్లెల్లో హెల్‌హెస్ట్ అనే మూడు కాళ్ల గుర్రం శ్మశానాల దగ్గర తిరుగుతుందనీ, కనపడితే చావు తప్పదనీ చెప్పుకునేవాళ్లు.

అయితే ఆమెని అందరికంటే దగ్గరగా చూసినవాడు ఎగిల్ స్కల్లాగ్రిమ్సన్. 10వ శతాబ్దపు ఐస్‌లాండ్ యోధుడు, కవి. కొడుకు బోద్వార్ పడవ మునిగి చనిపోతే శవాన్ని తన తండ్రి సమాధిలోనే పెట్టి, ఇంటికొచ్చి తలుపు వేసుకుని, తిండి మానేసి చచ్చిపోదామని పడుకున్నాడు. కూతురు థోర్‌గెర్డ్ వచ్చి నేనూ నీతోనే చస్తానని పక్కన పడుకుని, మెల్లగా మాటల్లో పెట్టి పాలు తాగించి, తమ్ముడి మీద పద్యం చెప్పు, నేను కర్ర మీద చెక్కుతాను, తర్వాత చద్దాంలే అంది. అలా పుట్టిన పద్యంలో ఎగిల్ సముద్రాన్ని తిట్టాడు, ఓడిన్‌తో స్నేహం తెగిపోయిందన్నాడు, మళ్లీ ఆ కవిత్వం ఇచ్చింది ఓడినే కదా అని తగ్గాడు. చివరి పాదాల్లో హెల్ వచ్చి సముద్రంలోకి చొచ్చుకెళ్లిన నేల కొన మీద నిలబడి ఉంది. దిగులు లేకుండా, ఇష్టంగా, సంతోషంగా ఆమె కోసం ఎదురుచూస్తానన్నాడు. పద్యం పూర్తయ్యేసరికి తేరుకుని, పడక మీంచి లేచి వచ్చి తన పెద్ద ఆసనంలో కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, చూపు పోయి, కాళ్లు సాగక, పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ ఆడవాళ్ల చేత అడ్డం తప్పుకోమనిపించుకుని, 80 ఏళ్లు దాటాక జబ్బు చేసి మంచంలో పోయాడు.